కీమో రాత్రుల్లో నిద్ర: ఒంటితో చేసేవి వేరు, నోట్లో వేసుకునేవి వేరు

ప్రశ్న: మా అమ్మ వయసు 58. రొమ్ము క్యాన్సర్‌కు ఆపరేషన్ అయ్యాక ఇప్పుడు మూడు వారాలకోసారి కీమో ఎక్కిస్తున్నారు. కీమో ఇచ్చిన రాత్రి, ఆ తర్వాతి రెండు మూడు రాత్రులు ఆమెకు కన్ను మూతపడదు. తెల్లవార్లూ మంచం మీద అటూ ఇటూ దొర్లుతుంది, పగలేమో కూర్చున్నచోటే కునుకుతుంది. ఇన్ని మందులు మింగుతున్న మనిషికి నిద్రమాత్రలు కూడా ఎందుకని యోగా గానీ ఆక్యుపంక్చర్ గానీ చేయిద్దామనుకుంటున్నాం. డాక్టరుగారు ఏమనుకుంటారోనని ఇంతవరకు అడగలేదు. ఏది మంచిదో చెప్పగలరు.
– ఒక కూతురు

జవాబు: అమ్మా, మీ తల్లిగారికి నిద్ర పట్టనిది ప్రతి రాత్రీ కాదు, కీమో ఇచ్చిన రాత్రి, ఆ వెంటనే వచ్చే రెండు మూడు రాత్రులు అని మీరు రాసిన మాట చాలా విలువైనది. కీమో వల్ల వచ్చే వాంతులను, ఎలర్జీని అడ్డుకోవడానికి డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్‌ను ఇస్తారు, చాలామందికి దాన్నే తర్వాతి రెండు మూడు రోజులు మాత్రలుగా కొనసాగిస్తారు. నిద్రను చెడగొట్టడం ఆ మందుకు బాగా తెలిసిన గుణం. కాబట్టి ముందుగా మందుల చీటీ తీసి, ఆ మాత్ర ఆమెకు ఉందో లేదో, ఉంటే ఏ వేళకు వేస్తున్నారో చూడండి. సాయంత్రమో రాత్రి భోజనం తర్వాతో పడుతున్నట్లయితే, దాన్ని ఉదయానికి, లేదా మధ్యాహ్నం లోపలికి జరపవచ్చునా అని డాక్టరుగారిని అడగండి. మీ అంతట మీరు వేళ మార్చవద్దు, మోతాదు అసలే తగ్గించవద్దు. కారణం ఇంత సులువుగా సరిదిద్దగలిగినది అయినప్పుడు, దాన్ని వదిలిపెట్టి యోగా, ఆక్యుపంక్చర్ వంటి పూరక చికిత్సల కోసం తిరగడం ఆమెకు వృథా ప్రయాస అవుతుంది.

డాక్టరుగారు ఏమనుకుంటారోనన్న సంకోచాన్ని దయచేసి పక్కన పెట్టండి. క్యాన్సర్ చికిత్సలో ఉన్నవారికి నిద్రలేమి ఎంత మామూలో ఆయనకు తెలుసు. అయితే మీరు చెబితే తప్ప మీ ఇంట్లో రాత్రి ఎలా గడుస్తోందో ఆయనకు తెలిసే మార్గం లేదు. నొప్పి, వేడి ఆవిర్లు, మాటిమాటికీ మూత్రానికి లేవడం, రక్తహీనత, మనసులో భయం, వీటిలో ఏది ఆమెను మేల్కొలుపుతోందో ఒక వారం పాటు చిన్న పుస్తకంలో రాసి పెట్టండి. పడుకున్న వేళ, లేచిన వేళ, లేవడానికి కారణం, ఈ మూడూ ఉంటే చాలు.

ఇక మీరు అడిగిన చికిత్సల విషయం. వీటికంటే ముందు చెప్పవలసినది, నిద్రలేమి కోసమే రూపొందించిన ప్రవర్తన చికిత్స ఒకటుంది, దాన్ని సీబీటీ-ఐ అంటారు. పెద్దవారిలో దీర్ఘకాలిక నిద్రలేమికి మాత్రల కంటే ముందు దీన్నే ప్రయత్నించాలని అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2016లో సిఫారసు చేసింది. రోజూ ఒకే వేళకు లేవడం, మంచాన్ని నిద్రకు తప్ప మరి దేనికీ వాడకపోవడం, ఇరవై నిమిషాలైనా నిద్ర రాకపోతే లేచి మసక వెలుతురులో కాసేపు కూర్చుని కళ్లు బరువెక్కాకే మళ్లీ పడుకోవడం, నిద్ర గురించిన ఆందోళనను మాటల ద్వారా సడలించడం ఇందులో ముఖ్యమైనవి. మంచంలో గడిపే గంటలను బాగా కుదించే పద్ధతి కూడా ఇందులో భాగమే గానీ, కీమో నీరసంలో ఉన్నవారి చేత దాన్ని నిపుణుల పర్యవేక్షణ లేకుండా చేయించకూడదు. లేచి నడిస్తే తల తిరిగేటట్లుంటే, అమ్మగారు మంచం మీదే లేచి కూర్చున్నా తప్పులేదు. పగటి కునుకును అరగంటకు మించనీయకండి, అది కూడా మధ్యాహ్నం మూడు దాటకముందే అయిపోవాలి.

ఆక్యుపంక్చర్‌ను, సీబీటీ-ఐని పక్కపక్కన పెట్టి 160 మందిపై చేసిన ఒక అధ్యయనం 2019లో వెలువడింది. ఎనిమిది వారాల తర్వాత రెండు వర్గాలకూ నిద్ర మెరుగుపడింది, సీబీటీ-ఐ చేసినవారికి మరికాస్త ఎక్కువగా మెరుగుపడింది. యోగా విషయంలో అమెరికాలోని రోచెస్టర్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 410 మందిపై చేసిన అధ్యయనాన్ని 2013లో ప్రచురించారు. వారానికి రెండుసార్లు, 75 నిమిషాల చొప్పున, నాలుగు వారాలు తేలికపాటి ఆసనాలు, శ్వాస అభ్యాసం, ధ్యానం చేసినవారి నిద్ర బాగుపడింది, నిద్రమాత్రల వాడకం కూడా తగ్గింది. అయితే ఈ రెండింటిలోనూ పాల్గొన్నవారు క్యాన్సర్ చికిత్స ముగించుకున్నవారు. అమ్మగారు ఇంకా చికిత్స మధ్యలో ఉన్నారు కనుక అదే మోతాదును ఆమెపై మోపకూడదు. పడుకునే ముందు పది పదిహేను నిమిషాలు నెమ్మదిగా శ్వాస మీద ధ్యాస నిలపడం, కుర్చీలో కూర్చునే చేయగలిగిన కదలికలు, ఉదయపు వెలుతురులో ఓపిక ఉన్నంత నడక, వీటితో మొదలుపెట్టమని నా సలహా.

ఆక్యుపంక్చర్ చేయించదలిస్తే, తెల్లరక్తకణాలు, ప్లేట్‌లెట్లు పడిపోయిన రోజుల్లో సూదులు వద్దు. చంకలో గ్రంథులు తీసినట్లయితే ఆ వైపు చేతికి సూది గుచ్చనీయవద్దు. ఈ సంగతులు సూది వేసే వ్యక్తికి మీరే ముందుగా చెప్పాలి.

ప్రశ్న: నాకు రక్త క్యాన్సర్. రోజూ ఇమాటినిబ్ మాత్ర వేసుకుంటున్నాను. నిద్ర పట్టడం లేదంటే మా బావగారు వెలేరియన్, సెయింట్ జాన్స్ వర్ట్ కలిసిన క్యాప్సూల్స్ తెచ్చి ఇచ్చారు. మూలికలే కనుక హాని ఉండదంటున్నారు. వాడవచ్చునా?
– ఒక పాఠకుడు

జవాబు: వద్దండీ. ఇప్పటికే మొదలుపెట్టి ఉంటే ఈ రోజే మీ డాక్టరుగారికి చెప్పండి. సెయింట్ జాన్స్ వర్ట్ కాలేయంలో మందులను విరిచే ఎంజైములను ఉసిగొల్పుతుంది. దాంతో మందు చేయవలసిన పని చేయకముందే ఒంట్లోంచి పోతుంది. ఈ మూలిక తీసుకున్నవారి రక్తంలో ఇమాటినిబ్ దాదాపు 30 శాతం మేర తగ్గిందని పరీక్షల్లో తేలింది. ఇరినోటెకాన్ అనే కీమో మందు విషయంలో, పనిచేసే అంశం 42 శాతం తగ్గినట్లు 2002లోనే వెల్లడైంది. బయటికి ఏ బాధా తెలియదు, ప్రాణం నిలిపే మందు మాత్రం లోపల పలచబడిపోతూ ఉంటుంది. మూలిక కాబట్టి హాని లేదన్న మాటను నేను అందుకే ఒప్పుకోలేను.

వెలేరియన్ కథ వేరు. క్యాన్సర్ చికిత్స పొందుతున్నవారికి 450 మిల్లీగ్రాముల చొప్పున ఎనిమిది వారాలిచ్చి చూసిన 2011 నాటి అధ్యయనంలో, ఉత్తుత్తి మాత్ర కంటే అది నిద్రను మెరుగుపరచలేదు. చాలామంది అడిగే అశ్వగంధ వల్ల కాలేయం దెబ్బతిన్న ఉదంతాలు నమోదయ్యాయి. కావా అనే మూలికకూ అదే దోషం ఉంది. కాలేయ పరీక్ష తేడా చూపితే, కారణం క్యాన్సర్ మందా, మూలికా అని తేల్చుకోలేక చికిత్సనే ఆపవలసిన పరిస్థితి రావచ్చు. మెలటోనిన్ (ఒంట్లో సహజంగా ఊరే నిద్ర హార్మోన్, మాత్రలుగానూ అమ్ముతారు) వీటికంటే సాధువైనదే గానీ, 2017లో 31 రకాల మెలటోనిన్ ఉత్పత్తులను పరీక్షిస్తే, సీసా మీద రాసిన దానికీ లోపల ఉన్నదానికీ పొంతన లేనివే ఎక్కువగా కనిపించాయి. వాడదలిస్తే డాక్టరుగారు రాసిచ్చిన మోతాదులో మాత్రమే వాడండి. మీ బావగారు ప్రేమతోనే తెచ్చారు. ఆ సీసాను మీ తర్వాతి పరీక్షకు వెంట తీసుకెళ్లి, బల్ల మీద పెట్టి చూపించండి.

ప్రశ్న: నా భార్యకు క్యాన్సర్ ఎముకలకు పాకింది. రాత్రిళ్లు కాళ్లు పట్టమంటుంది, పడితే కాస్త నిద్రపోతుంది. పట్టవచ్చునా?
– ఒక భర్త

జవాబు: పట్టడం అంటే ఒత్తడం కాకుండా నిమరడం అయితే నిరభ్యంతరంగా చేయండి. అరచేతిని పూర్తిగా ఆనించి, పాదం నుంచి మోకాలి దాకా నిదానంగా పది నిమిషాలు నిమిరితే చాలు. క్యాన్సర్ ఉన్న ఎముక మీద బరువు వేసినా, గట్టిగా పిసికినా అది విరిగే ప్రమాదం ఉంది. ఏ ఎముకల్లో ఉందో డాక్టరుగారిని అడిగి, ఆ చోట్లను తప్పించండి. ప్లేట్‌లెట్లు తక్కువగా ఉంటే కొద్ది ఒత్తిడికే చర్మం కమిలిపోతుంది. రేడియేషన్ పడిన చోట నూనె రాయవద్దు. ఒక కాలు మాత్రమే వాచి, వేడిగా ఉండి, నొప్పి పుడుతుంటే అసలు చేయి వేయకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి, అది లోపల రక్తం గడ్డకట్టడం కావచ్చు.

మరొక్క మాట. ఆమె కాళ్లు పట్టమనేది నొప్పి వల్లనేమో మెల్లగా అడిగి చూడండి. నొప్పితో మెలకువ వస్తుంటే రాత్రి వేళ నొప్పి మందును సరిచేయించడమే అసలు మార్గం, నిమరడం దానికి తోడుగా ఉండవచ్చు. నడుములో కొత్తగా నొప్పి మొదలై, కాళ్లు తిమ్మిరెక్కినా, పట్టు తప్పినా, మూత్రం మీద అదుపు పోయినా తెల్లవారేదాకా ఆగవద్దు, వెన్నుపాము మీద ఒత్తిడి పడుతున్నప్పుడు ప్రతి గంటా విలువైనదే.