ఏడో పేజీలో ఈగ

తిరువాన్మియూరు
మంగళవారం రాత్రి

నాయనా,

నీ కథ చేరింది. పదకొండు పేజీలు ఫోన్లో చదవడం నా కళ్ల వల్ల కాలేదు. మనవణ్ణి తరిమి, వీధి చివర జెరాక్స్ కొట్లో కాగితాల మీద తీయించుకున్నాను. మొదటిసారి పెన్ను లేకుండా, రెండోసారి పెన్నుతో చదివాను. జవాబుకి రెండు వారాలు పట్టిందని నొచ్చుకోకు. ఆలస్యానికి కారణం కూడా నీ కథే.

బాగున్నవి ముందు చెప్పేస్తా. తండ్రి రాత్రి బస్సుకొచ్చి చెన్నై మాధవరంలో దిగి, తెల్లారకుండా కొడుకుని లేపడమెందుకని సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చోవడం, సంచిలో గోంగూర వాడిపోతుందేమోనని మధ్యమధ్య నీళ్లు చిలకరించడం. ఇది చూసినవాడు తప్ప రాయలేడు. ఉద్యోగం పోయిన కొడుకు ఐడీ కార్డు మెడలో వేసుకుని ఆఫీసుకన్నట్టు బయల్దేరడం కూడా బాగానే ఉంది, కాకపోతే ఇలాంటి మెడలు ఈ మధ్య చాలా కథల్లో చూశాను. పోనీ, ఉంచు.

నా పేచీ ఏడో పేజీతో. తండ్రీ కొడుకులు పళ్లికరణై చిత్తడి పక్కన నిలబడతారు. అక్కడ నువ్వు రాసింది ఇది: “బురద మీద ఈగలు ముసురుతున్నాయి. అతని బతుకూ అలాగే ఉంది.”

ఏ ఈగలు నాయనా?

ఈగ అనగానే మన భాష ఎంత సరుకు చేతికందిస్తుందో చూడు. బేరాల్లేనివాడు ఈగలు తోలుకుంటాడు. ముద్దుగా పెంచేవాళ్లు పిల్ల మీద ఈగ వాలనివ్వరు. ముసరడం సంగతి సరేసరి, వానా ముసురే, ఈగలూ ముసురే. ఇంత తయారు సరుకు ఉన్నాక కంటికి పనేం మిగిలింది? ఆ చిత్తడి నీ ఆఫీసుకి దగ్గరేనన్నావు, వెళ్లే ఉంటావు. కానీ ఆ రెండు వాక్యాలు రాసినప్పుడు మాత్రం నువ్వు ఒడ్డున లేవు, కుర్చీలో ఉన్నావు.

ఇంత గట్టిగా ఎందుకంటున్నానంటే, సరిగ్గా ఇదే ఈగ దగ్గర నేను పట్టుబడ్డాను. నలభై ఏళ్ల కిందటి మాట. మా నెల్లూరు జిల్లా సముద్రపు వైపు ఉప్పు కొఠార్లలో పనిచేసే ఒక ఆడమనిషి మీద కథ రాశాను. మద్రాసులో ఫ్యాను కింద కూర్చుని. కాలి మీద పుండు, పుండు మీద కొఠారు ఈగలు, ఆమె వాటిని తోలే ఓపిక కూడా లేక చూస్తూండటం. ఒక వారపత్రిక బహుమతిచ్చి వేసుకుంది. చాలామంది కన్నీళ్లొచ్చాయని కార్డులు రాశారు. ఆ సంక్రాంతికి ఊరెళ్తే, మా పిన్నమ్మ ఇంటికి పనికొచ్చే ఒకామెకి ఎవరో ఆ కథ చదివి వినిపించారు. ఆమె ఇరవై ఏళ్లు కొఠార్లలో ఉప్పు దువ్విన మనిషి. చివరిదాకా శ్రద్ధగా విని, “అంతా బానే ఉంది గానీ అమ్మా, కొఠారు ఈగ మనిషి మీద వాలదే!” అంది. “పుండు మీద వాలేది ఊళ్లో ఈగ. కొఠారు ఈగకి ఆ ఉప్పునీళ్లే కావాల. మేం సద్దిమూట విప్పినా తిరిగి చూడదు.”

బహుమతి డబ్బులు అప్పటికే ఖర్చయిపోయాయి.

అప్పటి నుంచీ ఇలా నీటి ఒడ్డున బతికే ఈగల మీద నాకొక కన్ను. వీటికి తెలుగులో ప్రత్యేకంగా పేరు లేదు. మా వైపు కంటి ముందాడే చిన్నవాటన్నిటినీ కలిపి నుసుములంటారు, అంతే. శాస్త్రంలో ఈ కుటుంబం ఎఫిడ్రిడే. ఎఫిడ్రా అన్న పేరు పెట్టింది స్వీడన్‌లో ఫాలెన్ అనే ఆయన, 1810లో. నీటి మీద ఉండేదని గ్రీకులో దాని అర్థమట. ఇప్పటికి దాదాపు 2,000 జాతులు తెలుసు. ఎక్కువ భాగం రెండు మూడు మిల్లీమీటర్లు దాటవు. చాలావాటి తిండి నాచు, నీటి అంచున పట్టే జిగురు, అందులోని సూక్ష్మజీవులు. అన్నం మీదికి రావు, కుట్టవు.

అక్కడికీ, నీ కథని తప్పుబట్టే ముందు నేనూ చూసి మాట్లాడాలి కదా అని పోయిన ఆదివారం పొద్దున్నే రేడియల్ రోడ్డుకి ఆటో కట్టించుకున్నాను. (అంతర్జాతీయంగా ముఖ్యమైన చిత్తడి అని పళ్లికరణైకి 2022లో రామ్‌సార్ గుర్తింపు వచ్చింది. ఓ పక్క పెరుంగుడి చెత్తగుట్ట, ఓ పక్క రాజహంసలు. రాసుకునేవాడికి ఇంతకన్నా ఏం కావాలి, కానీ ఆ పోలిక కూడా నీకంటే ముందు వందమంది వాడేశారు. జాగ్రత్త.) చిత్తడికి కంచె ఉంది. కంచెకి ఇవతల వాన నీరు నిలిచి ఎండుతున్న గుంట ఒకటి దొరికింది, పరిచిన దుప్పటంత. అంచు చుట్టూ జానెడు వెడల్పున పచ్చటి జిగురు నాచు. నాచు మీద ఆవాలు చల్లినట్టు చుక్కలు. నేను వంగేసరికి నా నీడ పడి ఆవాలన్నీ ఒక్కసారి లేచాయి. బెత్తెడెత్తు ఎగిరి, మళ్లీ అక్కడే వాలాయి.

మోకాళ్ల సంగతి దేవుడెరుగు అనుకుని గొంతుక్కూర్చున్నాను. పేపరు చదివే భూతద్దం తీశాను. ఒళ్లు బూడిద కలిసిన నలుపు. రెక్కల మీద తెల్లటి మచ్చలు, పొగచూరిన లాంతరు గ్లాసుని వేలితో అక్కడక్కడ తుడిచినట్టు. మూతి ముందుకు ఉబ్బి ఉంది, నోట్లో నీళ్లు పట్టి పుక్కిలించబోయే మనిషిలా. ఇంటి ఈగలా కూర్చుని చేతులు నలుపుకోవడం లేదు, నడుస్తోంది. నాలుగడుగులు, మూతితో నాచుని అద్దడం, మళ్లీ నాలుగడుగులు. ఒకటి నడుస్తూ నడుస్తూ నేల అంచు దాటి నీళ్ల మీదికి వెళ్లింది. ఆగలేదు, తడబడలేదు. ఒక్కో కాలి కింద నీరు సూదిమొనంత లోపలికి కుంగింది. ఆ సొట్టల నీడలు అడుగు బురద మీద పడి దానితోపాటే నడిచాయి.

వాటి మధ్య వేరే రకం ఒకటుంది. ముందుకాళ్లు లావుగా, నమస్కారం పెట్టే గొల్లభామకి ఉన్నట్టు. ఇదీ ఆ కుటుంబపు ఈగే, పేరు ఆక్థెరా. ఇది నాచు తినదు. దోమపిల్లల్నీ చిన్న పురుగుల్నీ ఆ కాళ్లతో పట్టి తింటుంది. నేను చూసినంతసేపూ అది ఏమీ పట్టలేదు. కాళ్లు ఎత్తి దింపింది, మళ్లీ ఎత్తింది.

ఈలోగా పక్క అపార్టుమెంటు వాచ్‌మన్ వచ్చి, ఏం పారేసుకున్నావమ్మా అని అరవంలో అడిగాడు. ఈగల్ని చూస్తున్నానని చెప్పడానికి మొహం చెల్లక ముక్కుపుడక అన్నాను. పాపం అతనూ వంగి వెతకడం మొదలుపెట్టాడు. నిజం చెప్పక తప్పింది కాదు. అతను నవ్వలేదు. “ఇవా, వీటి కోసమే ఉళ్ళాన్ వస్తుంది” అన్నాడు, ఒడ్డెంబడి పరిగెత్తే చిన్న పిట్టని చూపించి. ఉళ్ళాన్ అంటే మన ఉల్లంకి! చిన్నప్పుడు పులికాటు ఒడ్డున విన్న మాట. అరవైయేళ్ల తర్వాత ఒక వాచ్‌మన్ నోట అరవంలో తిరిగొచ్చింది. నువ్వు అక్కడ ఎవరితోనైనా మాట్లాడావా? నీ కథలో ఆ ఒడ్డున తండ్రీ కొడుకులు తప్ప నరమానవుడు లేడు. ఆదివారం ఏడు గంటలకే నేను తొమ్మిది మందిని లెక్కపెట్టాను.

ఒకసారి మొదలుపెట్టాక వీటి గురించి చదవకుండా ఉండలేవు, ముందే చెప్తున్నా. కాలిఫోర్నియాలో మోనో లేక్ అని ఒక సరస్సు. నీళ్లు సముద్రానికి దాదాపు మూడింతలు ఉప్పు, పైగా చాకిరేవు సోడాలా క్షారం. చేప బతకదు. ఆ నీళ్లలోకి ఈ కుటుంబపు ఈగ ఒకటి కాళ్లతో రాళ్లు పట్టుకుని దిగిపోతుంది. నాచు మేయడానికి, గుడ్లు పెట్టడానికి. ఒంటినిండా దట్టమైన నూగు, దాని మీద మైనం. నీరు ఒంటిని తాకదు. చుట్టూ గాలి బుడగ ఏర్పడి, వెండి గుళికలా మెరుస్తూ అడుగున తిరుగుతుంది. పని అయ్యాక కాళ్లు వదిలేస్తే బుడగే పైకి తేలుస్తుంది, తడి లేకుండా. ఆ సోడా నీళ్లలో మామూలు ఈగలు తడిసి మునుగుతాయనీ, దీని నూగూ మైనమూ వేరనీ ఇద్దరు శాస్త్రవేత్తలు వాన్ బ్రూగెల్, డికిన్సన్ 2017లో పరిశోధించి రాశారు. అక్కడి మూలవాసులు దాని గూటిపురుగుల్ని ఎండబెట్టి తినేవాళ్లు. ఇంకోటుంది, అదీ కాలిఫోర్నియాదే: దాని పిల్లపురుగు నేల నుంచి ఊరే ముడిచమురు మడుగులో పెరుగుతుంది. చమురు కడుపులోకి వెళ్తుంది, ఏమీ కాదు. అందులో పడి చచ్చిన పురుగులే దాని తిండి. ఎదిగిన ఈగ చమురు మీద నడవగలదు, కానీ కాళ్లు కాకుండా ఒళ్లు తగిలిందా, అంటుకుని చస్తుంది.

ఇందులో ఒక్క ముక్క నీ కథలో కనబడినా ఊరుకోను. మీ ఇంటికొచ్చి మరీ కొడతాను. ఆ వెండి గుళిక చూశాక దాన్ని ఎక్కడైనా ఇరికించాలని చెయ్యి పీకుతుంది. నాకూ పీకింది, కాబట్టి నీకు రాసి కక్కేసుకున్నాను.

అసలు అడగాల్సింది ఇప్పుడు అడుగుతాను. ఏడో పేజీలో ఆ ఈగల్ని ఎవరు చూశారు? కొడుకు చూసే స్థితిలో లేడు. అతని కళ్లు ఫోన్లో మెయిల్ మీద ఉన్నాయని నువ్వే రాశావు. తండ్రి చూశాడనీ రాయలేదు. మరి చూసింది నువ్వు. పాత్రలిద్దర్నీ పక్కకి జరిపి నువ్వే ముందుకొచ్చి, ఇదిగో బురద, ఇదిగో బతుకు అని చూపించావు. అందుకే నాకు ఎక్కలేదు.

తండ్రి ఎవరు? రెండెకరాల వరి రైతు. నాట్లు వేసిన పదిహేను రోజులకి మడిగట్టు మీద కూర్చుని ఆకులు విప్పి చూసే మనిషి. ఈ ఒడ్డు ఈగల దాయాది ఒకటి వరిని పట్టుకుంటుంది, హైడ్రెల్లియా అంటారు. బూడిదరంగు ఈగ, రెండు మిల్లీమీటర్లు. నీరు నిలిచిన మడి అంటే దానికి ప్రాణం. ఆకు మీద గుడ్డు పెడుతుంది. పురుగు మొవ్వులోకి దూరి, ఇంకా విచ్చుకోని ఆకు అంచుని గీకి తింటుంది. నష్టం ఆ రోజు కనపడదు. నాలుగు రోజులకి ఆకు విచ్చుకునేసరికి అంచుల వెంబడి తెల్లటి చారలు, గాట్లు. మా నాన్న ఆ ఆకు అరచేతిలో పరిచి, “లోపలున్నప్పుడే కొరికింది” అనేవాడు. మడిలో నీళ్లు తీసి ఆరబెట్టమనేవాడు. (అదే వంశంలోని మరో ఈగ మన దేశం నుంచి అమెరికా వెళ్లింది. అక్కడి చెరువుల్ని కమ్మేసిన హైడ్రిల్లా కలుపుని తినిపించడానికి 1987లో ఫ్లోరిడాలో వదిలారు. మన సాఫ్ట్‌వేర్ కుర్రాళ్లు బారులు తీరకముందే! ఇదీ కథలోకి రాకూడదు.)

ఆ తండ్రిని ఒకసారి ఒడ్డున గొంతుక్కూర్చోబెట్టి చూడు. పట్నంలో దిగినప్పటి నుంచీ లిఫ్టు, గేటు యాప్, కొడుకు మొహం, ఏదీ అతనికి అర్థం కావడం లేదు. ఇక్కడ మొదటిసారి తనకి తెలిసింది ఒకటి కనపడింది. ఏమంటాడు? నేను చెప్పను. కొడుకు ఉద్యోగం సంగతి అతనికి తెలిసిపోయిందని పాఠకుడికి తెలియాల్సిన చోటు కూడా అదేనని నా అనుమానం. నువ్వు దాన్ని పదో పేజీలో ఫోను సంభాషణలో చెప్పించావు, చప్పగా ఉంది. ఈ ఈగ కుదిరితే ఆ ఫోను కొట్టేయొచ్చు.

చిన్నవి రెండు. తొమ్మిదో పేజీలో సాయంత్రం తల మీద గుంపుగా తిరిగిన దోమలు కొడుకుని కుట్టాయన్నావు. నీళ్ల పక్కన మనిషి తల మీద స్తంభంలా ఆడేవి చాలావరకు కుట్టని రకం, ఆడదాని కోసం ఎగిరే మగవి. కొళత్తూరు రంగుచేపల బజారులో చేపలకి వేసే ఎర్ర పురుగులు వాటి పిల్లలే. కుట్టాలంటే చెవి దగ్గర ఒంటరిగా రానివ్వు. రెండోది, “చిత్తడినేల” ఒకచోట కలిపి, ఒకచోట విడదీసి రాశావు. ఏదో ఒకటి ఖాయం చేసుకో.

పేరు గురించి తర్వాత మాట్లాడుకుందాం. “బతుకు బురద” మాత్రం వద్దు.

తిరగరాసి పంపు, తొందరేం లేదు. ఈసారి వాట్సాప్‌లో కాదు, కాగితం మీద తీసుకునే రా. ఆదివారం పొద్దున పదింటికి ముందొస్తే పెసరట్టు దొరుకుతుంది. భూతద్దం నీకిస్తాను, వారం రోజులు ఉంచుకో. ఎనిమిదో రోజున తెచ్చివ్వాలి, అది లేకపోతే నాకు పేపరూ లేదు, పంచాంగమూ లేదు.

ఆశీస్సులతో,
అమ్మ

(మేడమ్ అని రాయకు. నెల్లూరు దాటి యాభై ఏళ్లయినా ఆ పిలుపు నాకు అలవాటు కాలేదు.)