న్యూజిలాండ్‌లో అద్దె కారు: సైట్‌లో ఇన్సూరెన్స్ కొన్నాక కౌంటర్ దగ్గర మళ్ళీ తీసుకోవాలా?

మీ ప్రశ్న చదవగానే క్రైస్ట్‌చర్చ్ ఎయిర్‌పోర్టులో కారు కౌంటర్ ముందు, చలిలో కూడా చెమటలు కక్కుతూ నిలబడ్డ రోజు గుర్తొచ్చింది. నవంబరులో అత్తమామలతో సౌత్ ఐలాండ్ వెళ్తున్నామని, బుకింగ్ సైట్‌లో కారుతో పాటు ‘ఫుల్ ప్రొటెక్షన్’ కూడా కొనేశామని, కౌంటర్లో మళ్ళీ ఇన్సూరెన్స్ అంటే ఏం చేయాలని అడిగారు. అంటారండీ, తప్పకుండా అంటారు. తీసుకోవాలా వద్దా అనేది ముందు మీ క్రెడిట్ కార్డు లిమిట్ ఎంతో చూసుకుంటే తేలుతుంది. ఇన్సూరెన్స్‌కీ కార్డు లిమిట్‌కీ సంబంధమేంటని నేనూ అనుకున్నాను, ఆ కౌంటర్ దాకా వెళ్ళేవరకు.

మన దగ్గర కారు పాలసీలో కంపల్సరీ డిడక్టిబుల్ అని ఓ లైను ఉంటుంది. 1,500 సీసీ లోపు కారుకు 1,000 రూపాయలు, ఆ పైన 2,000. క్లెయిమ్‌లో ఆ మాత్రం మనం పెట్టుకోవాలి. అంత చిన్న మొత్తం కాబట్టి ఎవరూ పట్టించుకోరు, ‘జీరో డెప్ (పాత పార్టులకు తరుగు కోయకుండా మొత్తం ఇచ్చేది) ఉందా, బంపర్ టు బంపరేనా’ అని అడిగి ఊరుకుంటాం. న్యూజిలాండ్‌లో ఇదే లైనుకు ‘ఎక్సెస్’ అని పేరు. నా అగ్రిమెంటులో అది 4,500 న్యూజిలాండ్ డాలర్లు. డాలరు సుమారు 50 రూపాయలు వేసుకున్నా రెండు లక్షల పాతిక వేలు. కారు అద్దెలోనే ఇన్సూరెన్స్ కలిసి ఉందని సైట్‌లో రాసింది అబద్ధం కాదు. కారు మొత్తం నుజ్జయినా మీ మీద పడేది ఆ 4,500 వరకే, మిగతాది కంపెనీ చూసుకుంటుంది. కానీ మామూలుగా జరిగే సొట్టలు, గీతలు, పగిలిన అద్దాలు అన్నీ ఆ 4,500 లోపే వస్తాయి. అంటే చిన్న దెబ్బలన్నీ మనవే. పార్కింగ్‌లో ఎవడో గుద్ది చెప్పకుండా పోయినా మనదే.

ఇప్పుడు మీరు కొన్న ‘ఫుల్ ప్రొటెక్షన్’ సంగతి. అది కారు కంపెనీ ఇచ్చింది కాదు. బుకింగ్ సైటు వేరే ఇన్సూరెన్స్ కంపెనీ నుంచి తెచ్చి అమ్మిన పాలసీ. దెబ్బ తగిలితే కారు కంపెనీ మీ కార్డు నుంచి డబ్బు తీసుకుంటుంది. మీరు బిల్లులు, అగ్రిమెంటు, ఫోటోలు అన్నీ ఆ రెండో కంపెనీకి పంపి, తర్వాత తిరిగి రాబట్టుకోవాలి. మన ఆరోగ్య బీమాలో క్యాష్‌లెస్‌కీ రీయింబర్స్‌మెంట్‌కీ ఎంత తేడానో ఇక్కడా అంతే. కౌంటర్లో ఉన్న అమ్మాయికి మీ కాగితం చూపించినా లాభం లేదు, ఆమెకు దాంతో సంబంధం లేదు. ఎక్సెస్ మొత్తాన్ని మీ కార్డు మీద బ్లాక్ చేస్తుంది. దాన్నే అక్కడ బాండ్ అంటారు.

నా దగ్గర జరిగింది ఇదే. నా కార్డు లిమిట్ మూడు లక్షలు. హోటళ్ళకీ మిల్ఫోర్డ్ సౌండ్ అనే సముద్రపు పాయలో పడవ షికారుకీ అప్పటికే లక్షా ముప్పై వేలు పోయాయి. 4,500 డాలర్లు బ్లాక్ చేయబోతే డిక్లైన్. మా ఆవిడ కార్డు ఇచ్చాను. డ్రైవరు పేరు మీద ఉన్న కార్డే కావాలన్నారు. ఫారెక్స్ కార్డు తీశాను, ప్రీపెయిడ్ కార్డు మీద బాండ్ తీసుకోం అన్నారు. వెనక లైను పెరుగుతోంది, నాన్నగారు ‘ఏంట్రా ఇంకా’ అని రెండుసార్లు వచ్చి చూసి వెళ్ళారు. చివరికి కౌంటర్లో రోజుకు 38 డాలర్ల జీరో ఎక్సెస్ ప్యాకేజీ, అంటే దెబ్బ తగిలినా ఆ ఎక్సెస్ మన మీద పడనిది, తీసుకుంటే బాండ్ 200 డాలర్లకు దిగింది. 9 రోజులకు 342 డాలర్లు, 17 వేల పైచిలుకు. మీలాగే నేనూ ఇండియాలో ఉండగానే సైట్‌లో కొన్న పాలసీకి పెట్టిన ఐదు వేలు గాలికి.

కాబట్టి మీ లెక్క ఇలా వేసుకోండి. కౌంటర్లో ఏమీ తీసుకోకపోతే ఎంత బ్లాక్ చేస్తారో మీ బుకింగ్ వోచరులో, రెంటల్ కండిషన్స్ అనే చోట ఉంటుంది. ఆ మొత్తం, మిగతా ట్రిప్పు ఖర్చులు కలిపి మీ పేరు మీదున్న ఒక్క క్రెడిట్ కార్డులో పట్టేట్టయితే, నిజంగా దెబ్బ తగిలినప్పుడు రెండు లక్షలు కొన్ని వారాలు బయట ఉన్నా మీకు ఇబ్బంది లేదనుకుంటే, మీరు కొన్న పాలసీ చాలు. కౌంటర్ వాళ్ళు ఎంత భయపెట్టినా వద్దని చెప్పండి. లిమిట్ పట్టదంటే నాలాగే కౌంటర్లో జీరో ఎక్సెస్ తీసుకోవాల్సి వస్తుంది, కాబట్టి సైట్‌లో కొన్నది ఇప్పుడే క్యాన్సిల్ చేయండి. కారు తీసుకునే ముందు వరకు చాలా పాలసీల్లో డబ్బు వెనక్కిస్తారు. క్యాన్సిల్ చేయకపోయినా ఒకటి మాత్రం చూడండి. ఆ పాలసీ ఏ దేశంలో ఉండేవాళ్ళకు చెల్లుతుందో చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది. కొన్ని యూరప్ వాళ్ళకో అమెరికా వాళ్ళకో మాత్రమే పనికొస్తాయి. ఇంకో మాట, కొన్ని కంపెనీలు బాండ్‌ను బ్లాక్ చేయకుండా నేరుగా ఛార్జ్ చేసి తర్వాత రిఫండ్ ఇస్తాయి. అలాంటప్పుడు మన బ్యాంకుల ఫారెక్స్ మార్కప్ (విదేశీ డబ్బులో ఖర్చుకు బ్యాంకు వేసే అదనపు రుసుము), సాధారణంగా 3.5 శాతం వరకు, దాని మీద జీఎస్టీ కూడా పడుతుంది. బ్లాకా, ఛార్జా అని ముందే ఈమెయిల్‌లో అడగండి.

అమెరికాలో ఉన్న మా బావమరిది ఫోన్లో ‘క్రెడిట్ కార్డే కవర్ చేస్తుంది బావా, కౌంటర్ వాళ్ళకు పైసా ఇవ్వకు’ అన్నాడు. మీకూ ఎవరో ఒకరు ఈ సలహా ఇస్తారు. అది అక్కడి బ్యాంకులు ఇచ్చే కొన్ని కార్డుల సంగతి. అదీ అద్దె కారుకు తగిలిన దెబ్బకే కానీ, మనం ఎదుటివాళ్ళకు చేసిన నష్టానికి కాదు. మన ఇండియా కార్డులకు ఆ సౌకర్యం ఉందని రాతపూర్వకంగా చూస్తే తప్ప నమ్మకండి.

ఎదుటివాళ్ళ నష్టం అన్నాను కాబట్టి, అమెరికాలో అసలు భయమే అది. మనిషికి దెబ్బ తగిలితే కోర్టు, లాయర్లు, లక్షల డాలర్లు. న్యూజిలాండ్ పద్ధతే వేరు. అక్కడ 1974 నుంచి ఏసీసీ అని ప్రభుత్వ పథకం ఉంది. ప్రమాదంలో గాయపడితే తప్పు ఎవరిదని చూడకుండా వైద్యానికి సాయం చేస్తుంది. అక్కడ జరిగిన ప్రమాదమైతే మనలాంటి టూరిస్టులకూ వర్తిస్తుంది. దానికి బదులుగా గాయాలకు పరిహారం కోసం ఒకరి మీద ఒకరు దావా వేసుకునే పద్ధతి లేదు. థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ మన దగ్గరలా తప్పనిసరి కూడా కాదు. అద్దె కార్లకు మాత్రం ఎదుటి కారుకో గోడకో జరిగే నష్టం మామూలుగా అగ్రిమెంటులోనే కలిసి ఉంటుంది, ఒకసారి చూసుకోండి. అయితే ఏసీసీ ప్రమాదాలకే, జబ్బులకు కాదు. మామయ్యగారికి బీపీ పెరిగి ఆసుపత్రికి వెళ్తే ఆ బిల్లు మీదే. అందుకని పెద్దవాళ్ళకు ట్రావెల్ ఇన్సూరెన్స్ మానకండి.

ఇక జీరో ఎక్సెస్ తీసుకున్నా అన్నీ కవర్ కావు. నేను అగ్రిమెంటు మొత్తం చదివింది టెకాపో అనే ఊళ్ళో, వాన పడి గదిలో కూర్చున్న సాయంత్రం. టైర్లు, విండ్‌షీల్డ్ చాలా చోట్ల విడిగా ఉంటాయి, నా ప్యాకేజీలో అదృష్టం కొద్దీ కలిసే ఉన్నాయి. కారు కింది భాగం, పైకప్పు, డీజిల్ బదులు పెట్రోలు పోయడం, తాళం పోగొట్టుకోవడం ఇవేవీ లేవు. అగ్రిమెంటులో పేరు లేని మనిషి నడిపితే మొత్తం కవరే పోతుంది. మీరిద్దరూ నడపాలనుకుంటే రోజుకు నాలుగైదు డాలర్లు పోయినా రెండో పేరు రాయించండి. తాగి నడిపితే సరే సరి. వెళ్ళకూడని కొన్ని రోడ్ల పేర్లు కూడా రాసి ఉంటాయి. క్వీన్స్‌టౌన్ దగ్గర స్కిప్పర్స్ రోడ్, మౌంట్ కుక్ దగ్గర బాల్ హట్ రోడ్, నార్త్ ఐలాండ్‌లో నైంటీ మైల్ బీచ్. యూట్యూబ్‌లో స్కిప్పర్స్ రోడ్ వీడియో చూసి మా ఆవిడ ఎంత సరదా పడిందో! లోయ అంచున ఒక్క కారు పట్టే మట్టి రోడ్డు అది. అక్కడికి వెళ్తే ఇన్సూరెన్స్ లేనట్టే. చివరికి టూర్ వాళ్ళ జీపులో వెళ్ళొచ్చాం, నాకు అదే నయమనిపించింది.

టెకాపో నుంచి ట్విజెల్ వెళ్ళే ఎనిమిదో నంబరు హైవే మీద ఎదురుగా వచ్చిన లారీ టైరు కింది నుంచి రాయి లేచి ముందు అద్దానికి తగిలింది. శబ్దానికి అమ్మ ‘నారాయణా’ అంది. పావలా బిళ్ళంత గుంట. వెంటనే కంపెనీకి ఫోన్ చేశాను. మీరు సొంతంగా బాగు చేయించొద్దు, గీత పాకితే మళ్ళీ చెప్పండి అన్నారు. ఫోటో తీసి ఈమెయిల్ చేశాం. రెండోది మిల్ఫోర్డ్ దారిలో. హోమర్ టన్నెల్ ముందు సిగ్నల్ కోసం ఆగితే ‘కియా’ అనే కొండ చిలకలు వచ్చి కారెక్కాయి. మనం ఫోటోలు తీస్తుంటే అవి తలుపు చుట్టూ ఉన్న రబ్బరు పీకాయి! కారు తిరిగి ఇచ్చేటప్పుడు నేను గొంతు సవరించుకుని చెప్పబోతే, ఆ అబ్బాయి రబ్బరు చూసి నవ్వి ‘కియా’ అని రాసుకున్నాడు. జీరో ఎక్సెస్ ఉండబట్టి రెండింటికీ పైసా కట్టలేదు. కట్టాల్సి వస్తే అద్దం ఒక్కటే ఎంతయ్యేదో నేను అడగలేదు, వద్దులే అనుకున్నాను.

మనిషికి దెబ్బ తగిలే ప్రమాదం అయితే 111కి ఫోన్ చేయాలి, పోలీసులకు 24 గంటల్లోపు చెప్పాలి. చిన్న గీతైనా కంపెనీకి అదే రోజు చెప్పండి, ఆలస్యమైతే క్లెయిమ్‌లో పేచీ పెడతారు. లైసెన్సు ఇంగ్లీషులోనే ఉంటుంది కాబట్టి మన కార్డు చెల్లుతుంది, కానీ డిజిలాకర్ చూపిస్తే కుదరదు, అసలు కార్డు పట్టుకెళ్ళండి.

మీ ఫ్లైటు రాత్రి దిగుతుందని రాశారు. కారు చీకట్లో తీసుకుంటే ఫోను టార్చ్ వేసి నాలుగు పక్కలా, రిమ్ములు, అద్దం, లోపల ఓడోమీటరు కలిపి ఒకే వీడియో తీయండి. వాళ్ళిచ్చిన కాగితంలో లేని గీత కనిపిస్తే కౌంటర్ మూసేలోపు వెనక్కెళ్ళి రాయించండి. నేను వెళ్ళాను. వెనక బంపర్ మీద రెండు గీతలు రాయించుకుని, నాన్నగారి చేత ఇంకో ‘ఏంట్రా’ కూడా అనిపించుకున్నాను.