సొంతంగా కంప్యూటర్ అసెంబుల్ చేసుకోవాలంటే హార్డ్‌వేర్ కోర్సు చేసి ఉండాలా?

అక్కర్లేదండి. కామర్స్ చదివాను, షాపువాళ్లేమో టెక్నీషియన్ కాకుండా వేరేవాళ్లు చెయ్యి పెడితే మదర్‌బోర్డ్ (పార్టులన్నీ బిగించే ప్రధాన బోర్డు) పోతుంది అంటున్నారు, నిజమేనా అని అడిగారు కదా, నేనూ బీకామే, ఒక ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో అకౌంట్స్ చూస్తాను, ఏ కోర్సూ చెయ్యలేదు, మా చెల్లి ఆర్కిటెక్చర్‌లో చేరినప్పుడు దాని సిస్టమ్ నేనే బిగించి ఇచ్చా, ఇప్పటికీ దాని మీదే త్రీడీ మోడల్స్ చేసుకుంటోంది.

ఇందులో రెండు పనులున్నాయి, రెండూ కలిపేసుకుని భయపడతారు అందరూ. బిగించడం ఒకటి, ఏది దేనికి సరిపోతుందో చూసి కొనడం ఇంకోటి. బిగించడానికి ఒక స్టార్ స్క్రూడ్రైవర్, మదర్‌బోర్డ్ డబ్బాలో ఇచ్చే మాన్యువల్, ఖాళీగా ఉన్న ఆదివారం చాలు. కొనేదగ్గరే చదువుకోవాలి, అది కూడా ఇంజినీరింగ్ చదువేం కాదు, ఒక వారం రోజులు రాత్రిపూట కూర్చుంటే వచ్చేస్తుంది.

ముందు ప్రాసెసర్ సాకెట్, అంటే బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే చోటు, ఏ రకమో చూడండి. ప్రాసెసర్లు చేసే కంపెనీలు ఏఎండీ, ఇంటెల్ కదా, ఏఎండీలో ఏఎమ్4 సాకెట్ అంటే డీడీఆర్4 ర్యామ్, ఏఎమ్5 అంటే డీడీఆర్5, అంతే. ఇంటెల్ 12, 13, 14 జనరేషన్లకి మాత్రం రెండు రకాల బోర్డులూ ఉంటాయి కాబట్టి బోర్డు పేరు పూర్తిగా చదివి కొనాలి, ఆ ర్యామ్‌ల గాటు వేర్వేరు చోట్ల ఉంటుంది, ఒకదాని స్లాట్‌లో ఇంకోటి పట్టదు. గ్రాఫిక్స్ కార్డ్ (స్క్రీన్ మీద బొమ్మ చూపించే విడి కార్డు) తర్వాత కొందాంలే అనుకుంటే ఇంకా జాగ్రత్త, ఇంటెల్ నంబర్ చివర ఎఫ్ ఉన్నా, ఏఎండీ రైజెన్ 5 5600 లాంటిదైనా కార్డు లేకుండా డిస్‌ప్లే రాదు, రైజెన్ 5 7600కి అయితే లోపలే చిన్న గ్రాఫిక్స్ ఉంటుంది, మేం అదే తీసుకున్నాం. ప్రాసెసర్, బోర్డు సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో సీటీసీకి (కంప్యూటర్ షాపులుండే చెనాయ్ ట్రేడ్ సెంటర్) వెళ్లి తెచ్చుకున్నాం, మీరు ఎక్కడ కొన్నా సరే ప్రతి పార్టుకీ జీఎస్టీ బిల్లు మీ పేరు మీద తీసుకోండి, సీరియల్ నంబర్ కూడా రాయించుకోండి, ఎందుకంటే వారంటీ మొత్తం సిస్టమ్‌కి కాదు, ఏ పార్టుది ఆ పార్టుకే.

ఇక బిగించడం. అందరికీ గుండె దడ వచ్చేది ప్రాసెసర్ దగ్గరే. ఏఎమ్5లో పిన్నులు సాకెట్‌లోనే ఉంటాయి, వేలు తగలకూడదు, ప్రాసెసర్ మూల మీద బంగారు రంగు త్రికోణం గుర్తు, సాకెట్ మీద గుర్తు ఒకవైపు పెట్టి మెల్లగా దించితే దానంతటదే కూర్చుంటుంది, నొక్కక్కర్లేదు. తర్వాత సాకెట్ పక్కనుండే లీవర్ దించేటప్పుడు మాత్రం బాగానే బలం పెట్టాలి, కిర్రుమని చప్పుడొస్తుంది, పైనున్న నల్ల ప్లాస్టిక్ మూత టప్పున ఊడి వచ్చేస్తుంది, అది విరిగిపోయినట్టు కాదు, అలాగే ఊడాలి. 7600తో వచ్చే కూలర్‌కి (ప్రాసెసర్‌ని చల్లబరిచే ఫ్యాన్) అడుగున వేడి లాగే పేస్ట్ ముందే రాసి ఉంటుంది, విడిగా కొనక్కర్లేదు. రెండు ర్యామ్‌లు అయితే నాలుగు స్లాట్ల బోర్డులో మామూలుగా ప్రాసెసర్ వైపు నుంచి రెండోది, నాలుగోది, క్లిక్ మనేదాకా నొక్కండి. నన్నడిగితే అన్నిటికంటే విసుగు పుట్టించేది క్యాబినెట్ (అన్నీ పెట్టే బయటి డబ్బా) ముందు బటన్ నుంచి వచ్చే సన్న వైర్లు, చీమంత పిన్నులు, మాన్యువల్‌లో ఆ పేజీ తెరిచి పక్కన పెట్టుకుని సెల్‌ఫోన్ లైట్ వేసుకుని పెట్టండి, లైట్ల వైర్లకి ప్లస్ మైనస్ చూడాలి, పవర్ స్విచ్‌కి ఎటు పెట్టినా ఒకటే. స్టాటిక్ (ఒంటి మీద పేరుకునే కరెంటు) గురించి కూడా భయపెడతారు, మధ్యమధ్యలో క్యాబినెట్ ఇనప భాగాన్ని ముట్టుకుంటూ కార్పెట్ లేని నేల మీద చేసుకుంటే సరిపోతుంది.

ఒక్క విషయం ముందే తెలిసి ఉండాలి. డీడీఆర్5 సిస్టమ్ మొదటిసారి ఆన్ చేస్తే ఫ్యాన్లు తిరుగుతాయి గానీ స్క్రీన్ కొన్ని నిమిషాలు నల్లగానే ఉంటుంది, బోర్డు మీద డీర్యామ్ అనే లైట్ వెలుగుతూనే ఉంటుంది, మా చెల్లి అయితే అక్కా పోయిందే, ఆపెయ్యి ఆపెయ్యి అని నా చెయ్యి పట్టుకుంది. అది ర్యామ్‌ని తనకి సర్దుకుంటోంది అంతే, ఆపకుండా వదిలెయ్యాలి. డిస్‌ప్లే వచ్చాక బయోస్‌లోకి (బోర్డు సెట్టింగుల స్క్రీన్) వెళ్లి ఎక్స్‌పో అనే ర్యామ్ స్పీడ్ సెట్టింగ్ ఆన్ చెయ్యండి, లేకపోతే 6000 స్పీడ్ అని డబ్బులు పెట్టి కొన్న ర్యామ్ 4800 దగ్గరే నడుస్తూ ఉంటుంది. గ్రాఫిక్స్ కార్డ్ పెట్టుకున్నవాళ్లు హెచ్‌డీఎంఐ కేబుల్ కార్డుకే పెట్టాలి, బోర్డుకి కాదు, డిస్‌ప్లే రావట్లేదని నాకు ఫోన్ చేసినవాళ్లలో చాలామందికి సంగతి ఇదే.

పైసలు తగ్గించుకోవాలంటే క్యాబినెట్‌లో తగ్గించుకోండి, అన్ని పార్టులకీ కరెంటు ఇచ్చే డబ్బా, అంటే ఎస్ఎంపీఎస్‌లో వద్దు. క్యాబినెట్‌తో పాటు ఫ్రీగా ఇచ్చే ఊరూపేరూ లేని ఎస్ఎంపీఎస్ దయచేసి తీసుకోకండి, మన దగ్గర ఎండాకాలంలో కరెంటు ఎలా వచ్చిపోతుందో తెలుసు కదా, ఆ ఎస్ఎంపీఎస్ పోతూ పోతూ బోర్డునీ తీసుకుపోగలదు. తెలియకుండా చెయ్యి పెట్టకూడనిది కూడా అదొక్కటే, ప్లగ్ పీకేశాక కూడా లోపల కరెంటు నిలవ ఉంటుంది, పాడైతే విప్పకుండా వారంటీలో మార్పించుకోండి.