మొదటి ఏడాది మనం కడితే, మిగతా మూడేళ్లూ కాలేజీ చూసుకుంటుందా?

ప్రశ్న: మాది కూకట్‌పల్లి. నా వయసు 46, ప్రైవేటు కంపెనీలో ఇంజినీర్‌ని. నెలకు రూ.1.45 లక్షలు చేతికొస్తాయి. నా భార్య టీచర్, జీతం రూ.32 వేలు. ఇంటి ఖర్చులు రూ.60 వేలు. ఫ్లాట్ విలువ రూ.1.10 కోట్లు ఉంటుంది. దాని మీద రూ.12 లక్షల బాకీ ఉంది, ఈఎంఐ రూ.18 వేలు. రూ.6 లక్షల ఎఫ్‌డీ, రూ.8 లక్షల బంగారం ఉన్నాయి. 11వ తరగతి చదువుతున్న మా అమ్మాయి అమెరికాలో ఆమ్‌హెర్‌స్ట్, విలియమ్స్ లాంటి లిబరల్ ఆర్ట్స్ (ఒక్క సబ్జెక్టుకే కట్టుబడకుండా చదివే డిగ్రీ) కాలేజీలకు అప్లై చేస్తానంటోంది. ‘ఎయిడ్ (కాలేజీ ఇచ్చే ఆర్థిక సాయం) అడిగితే సీటు రాదు. మొదటి ఏడాది సొంతంగా కట్టండి, మార్కులు బాగుంటే రెండో ఏడాది నుంచి స్కాలర్‌షిప్ వస్తుంది’ అని కన్సల్టెంట్ చెప్పారు. ఫ్లాట్ మీద రూ.50 లక్షల మార్ట్‌గేజ్ లోన్, తెలిసినవారి దగ్గర నూటికి రూపాయిన్నర వడ్డీకి రూ.15 లక్షలు తెచ్చి, ఎఫ్‌డీ, బంగారం కూడా కలిపితే సరిపోతుంది. బాబు 8వ తరగతి. 74 ఏళ్ల నాన్నగారు మాతోనే ఉంటారు. ముందుకెళ్లమంటారా?

జవాబు: వద్దు. ఆ మార్ట్‌గేజ్ కాగితాల మీద సంతకం పెట్టకండి. ‘మొదటి ఏడాది ఎలాగోలా గట్టెక్కితే చాలు’ అనే మాట ఈ మధ్య చాలా ఇళ్లలో వింటున్నాను. అందుకే మీ ఉత్తరానికి కాస్త వివరంగా జవాబు రాస్తున్నాను.

మీ కన్సల్టెంట్ చెప్పినదాంట్లో సగం నిజం ఉంది. విదేశీ విద్యార్థి ఎయిడ్ అడిగితే ఆ సంగతి సీటు ఇచ్చేటప్పుడు లెక్కలోకి తీసుకునే కాలేజీలే ఎక్కువ. విలియమ్స్, స్మిత్, గ్రినెల్, వాసర్ ఈ కోవలోవే. మిగతా సగమే మిమ్మల్ని ముంచేది. చేరేటప్పుడు ఎయిడ్ అడగని విదేశీ విద్యార్థికి ఆ తర్వాత నాలుగేళ్లూ అడిగే అవకాశం చాలా కాలేజీలు ఇవ్వవు. పైగా ఆమ్‌హెర్‌స్ట్, విలియమ్స్‌లలో మార్కులు చూసి ఇచ్చే స్కాలర్‌షిప్పులే లేవు. అక్కడ ఇచ్చేదంతా కుటుంబ స్థోమతను బట్టే. అమ్మాయి క్లాసులో మొదటి స్థానంలో నిలిచినా రెండో ఏడాది బిల్లు అలాగే వస్తుంది.

ఆ బిల్లు ఎంతంటే, ఇలాంటి కాలేజీల్లో ఫీజు, హాస్టల్, భోజనం కలిపి ఏడాదికి సుమారు 90 వేల డాలర్లు. డాలరు రూ.88 అనుకుంటే రూ.79 లక్షలు. మీరు కూడబెడతానంటున్నది సరిగ్గా అంతే, అంటే ఒక్క ఏడాదికి. నాలుగేళ్లకు రూ.3 కోట్లు దాటుతుంది.

ఇప్పుడు అప్పు సంగతి. రూ.50 లక్షల మార్ట్‌గేజ్ లోన్‌ను 10.5 శాతం వడ్డీతో 15 ఏళ్లకు తీసుకుంటే ఈఎంఐ రూ.55 వేలు దాటుతుంది. విద్యా రుణంలా చదువు అయ్యేదాకా ఆగదు, వెంటనే మొదలవుతుంది. నూటికి రూపాయిన్నర వినడానికి చిన్నదిగానే ఉంటుంది కానీ, ఏడాదికి 18 శాతం. రూ.15 లక్షలకు నెలకు రూ.22,500 వడ్డీకే పోతుంది, అసలు అలాగే ఉంటుంది. పాత ఈఎంఐతో కలిపితే రూ.95 వేల పైమాటే. మీ ఇద్దరి జీతాల్లో సగానికి మించి పోతుంది. అదీ మొదటి ఏడాది అప్పుకే. రెండో ఏడాది రూ.79 లక్షలకు ఏం తాకట్టు పెడతారు? చదువు మధ్యలో వెనక్కి వస్తే డిగ్రీ ఉండదు, ఫ్లాట్ బ్యాంకు చేతిలో ఉంటుంది. కూతురి చదువు కోసమని చెప్పినంత మాత్రాన వడ్డీ వ్యాపారం పుణ్యకార్యం అయిపోదు.

ఎంఎస్‌కి వెళ్లిన పిల్లలు అప్పు తీర్చేశారు కదా అనకండి. అది రెండేళ్ల చదువు, సాధారణంగా ఒక ఉద్యోగాన్ని దృష్టిలో పెట్టుకుని వెళ్తారు. ఇది నాలుగేళ్ల డిగ్రీ. అమ్మాయి చరిత్ర తీసుకుంటుందో, జీవశాస్త్రం తీసుకుంటుందో అక్కడికి వెళ్లాకగానీ తేల్చుకోదు. ఈ చదువుల గొప్పతనం కూడా అదే.

అసలు నన్ను కలవరపెట్టింది మీరు రాయనిది. అంత వివరమైన ఉత్తరంలో టర్మ్ పాలసీ ఊసే లేదు. మీ కుటుంబ ఆదాయంలో ఐదింట నాలుగు వంతులు మీ ఒక్కరి జీతమే. రేపు మీకేదైనా అయితే రూ.32 వేల జీతంతో మీ భార్య ఈ అప్పులు, బాబు చదువు, మామగారి మందులు ఎలా నెట్టుకొస్తారు? అప్పు సంగతి పక్కన పెట్టినా మీకు కనీసం రూ.2 కోట్ల టర్మ్ కవర్ ఉండాలి. ఆరోగ్య బీమా కంపెనీ ఇచ్చేది మాత్రమే అయితే ఉద్యోగంతోపాటే అదీ పోతుంది. మీ నలుగురికీ సొంతంగా ఫ్యామిలీ ఫ్లోటర్ తీసుకోండి, నాన్నగారికి విడిగా చూడండి.

అత్యవసర నిధి మాట కూడా మీరు ఎత్తలేదు. ఉన్న ఎఫ్‌డీనే ఫీజులో కలిపేశారు. ఇంటి ఖర్చు, ఈఎంఐ కలిపి నెలకు రూ.78 వేలు. ఏడాదికి సరిపడా రూ.9 లక్షలకు పైగా పక్కన ఉండాలి. మామూలుగా ఆరు నెలలకు చాలంటాను. పిల్ల వేరే దేశంలో ఉంటే ఏడాదికి ఉండాలంటాను, ఎందుకంటే మీ ఉద్యోగం పోయిన నెలలో కూడా అక్కడి ఖర్చు డాలర్లలోనే ఉంటుంది. ఎఫ్‌డీని కదపకండి. కన్సల్టెంట్‌కు ఇవ్వాల్సింది ఇంకా ఏమైనా ఉంటే దాన్నీ ఇందులోనే వేయండి. ‘బ్యాంకులో డబ్బు కనిపిస్తే ఎయిడ్ తగ్గిస్తారేమో’ అని భయపడి దాచొద్దు. వాళ్లు ముఖ్యంగా చూసేది ఆదాయమే. తప్పుడు వివరాలిస్తే వచ్చిన సీటు కూడా పోవచ్చు.

అమ్మాయిని అప్లై చేయనివ్వండి, కానీ ఎయిడ్ అడిగే చేయాలి. ఆమ్‌హెర్‌స్ట్, బోడిన్, వాషింగ్టన్ అండ్ లీ విదేశీయుల విషయంలో కూడా స్థోమత చూడకుండానే సీటు నిర్ణయిస్తాయి, సీటు ఇస్తే వాళ్ల లెక్క ప్రకారం మీరు కట్టలేని మొత్తమంతా భర్తీ చేస్తాయి. పోటీ మాత్రం విపరీతం. విలియమ్స్ 2022 నుంచి ఎయిడ్‌లో రుణం భాగమే లేకుండా అంతా గ్రాంటుగానే ఇస్తోంది. స్మిత్, మౌంట్ హోల్యోక్ అమ్మాయిల కాలేజీలు, అవి కూడా చూడండి. నవంబరు గడువుండే ఎర్లీ డెసిషన్‌లో (ఒకే కాలేజీకి ముందుగా మాట ఇచ్చి అప్లై చేసే పద్ధతి) సీటు వస్తే చేరి తీరాలి. ఇచ్చిన ఎయిడ్ చాలకపోతేనే బయటపడే దారి, ఎయిడే అడగకపోతే ఆ దారి కూడా లేదు. మన దగ్గర శ్రీసిటీలోని క్రియా, సోనీపట్‌లోని అశోకా విశ్వవిద్యాలయాలను కూడా జాబితాలో పెట్టండి. ఏడాదికి మీరు అప్పు లేకుండా ఇవ్వగలిగింది నా లెక్కలో రూ.4 లక్షలు. విమానం టికెట్లు కూడా అందులోనే రావాలి.

సీఎస్‌ఎస్ ప్రొఫైల్ అనే ఆర్థిక వివరాల ఫారాన్ని కన్సల్టెంట్ చేతికివ్వకుండా ఐటీ రిటర్నులు ముందు పెట్టుకుని మీరే నింపండి. దానికి ఇంకా నెలల సమయం ఉంది. టర్మ్ పాలసీ వైద్య పరీక్షకు మాత్రం ఈ వారమే తేదీ తీసుకోండి.