పాత ఎండుగడ్డిని పాదుల్లో పరిచే ముందు

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులతో పెద్దనాన్న రాస్తున్నది.

పశువులు ముట్టని పాత ఎండుగడ్డి కట్టలు చాలా మిగిలిపోయాయనీ, వాటిని విప్పి కూరగాయ మొక్కల చుట్టూ మల్చింగ్‌గా, అంటే నేలను కప్పి ఉంచే పొరగా, పరవాలనుకుంటున్నాననీ రాశావు. ఆలోచన మంచిదే గాని, ఆ గడ్డిని ఉన్నపళంగా పరవవద్దు. ధాన్యం నూర్చగా మిగిలిన గడ్డి వేరు, మేత కోసం కోసి ఎండబెట్టిన గడ్డి వేరు. మొదటిదానిలో గింజలు చాలావరకు రాలిపోయి ఉంటాయి. రెండోదాన్ని కంకి ముదిరాక కోసి ఉంటే, దానిలో గడ్డి విత్తనాలే కాక కలుపు విత్తనాలు కూడా దండిగా ఉంటాయి. ఒకప్పుడు నేను ఈ తేడా పట్టించుకోకుండా వంగ మడులన్నిటా అలాంటి గడ్డి పరిచాను. రెండు తడులు పెట్టేసరికి మడులు పచ్చిక బీడులా తయారయ్యాయి, ఆ పంటకాలమంతా నాకు కలుపు తీయడంతోనే సరిపోయింది. గడ్డిని కుప్ప వేసి వేడెక్కించి, విత్తనాలు చచ్చిన తర్వాతే పరవమని చెప్పడం అందుకే.

అయితే కుప్ప వేయడానికి ముందే తేల్చుకోవలసిన సంగతి ఒకటుంది. పచ్చిక బయళ్లలో వెడల్పాకు కలుపును చంపడానికి వాడే కొన్ని మందులు, ముఖ్యంగా అమినోపైరాలిడ్, క్లోపైరాలిడ్, పిక్లోరామ్ అనేవి, గడ్డికి హాని చేయవు గాని అందులోనే నిలిచిపోతాయి. గడ్డి ఎండినా అవి పోవు, పశువు తిని పేడ వేసినా పోవు, కంపోస్టు కుప్పలోనూ నెలల తరబడి ఉంటాయి; టమాటా, చిక్కుడు, బఠాణీ వంటి మొక్కలను అతి తక్కువ మోతాదులోనే పాడుచేస్తాయి. అందుచేత నాలుగైదు కట్టల నుంచి పిడికెడేసి గడ్డి లాగి, సన్నగా తరిగి, మంచి మట్టిలో కలిపి మూడు కుండీలు నింపు. గడ్డి కలపని అదే మట్టితో మరో మూడు నింపు. అన్నింటిలో చిక్కుడు గింజలు నాటి, ఒకదాని నీళ్లు మరొకదానిలోకి పారకుండా చూస్తూ, మూడు వారాలు గమనించు. గడ్డి కలిపిన కుండీల్లో మాత్రమే ఆకులు దొప్పల్లా ముడుచుకొని, చిగుళ్లు మెలితిరిగితే, ఆ గడ్డిని తోట దరిదాపులకు కూడా రానివ్వవద్దు.

పరీక్ష నెగ్గితే కుప్ప మొదలుపెట్టు. పాత గడ్డిలో బూజు ఉంటుంది, దాని దుమ్ము ఊపిరితిత్తులకు చెరుపు చేస్తుంది కనుక ముక్కుకు మాస్కు కట్టుకొని, కట్టలను తడిపిన తర్వాతే విప్పు. కట్టిన తాళ్లు ప్లాస్టిక్‌వైతే ఒక్కటి కూడా కుప్పలో మిగలకూడదు. ఎండిన పోచ మీద నీరు జారిపోతుందే గాని వెంటనే ఇంకదు. అందువల్ల జానెడు మందాన విడదీసి పరుస్తూ, ప్రతి వరుసనూ ఓపికగా తడపాలి. గుప్పెడు గడ్డి తీసి గట్టిగా పిండితే ఒకటి రెండు చుక్కలు రావాలి. ధారగా కారితే తడి ఎక్కువైనట్టే. కుప్ప అన్నివైపులా కనీసం 1 మీటరు ఉండాలి, అంతకంటే చిన్నదైతే వేడి నిలవదు. కర్బనం 25 నుంచి 30 పాళ్లకు నత్రజని 1 పాలు ఉంటే కుప్ప బాగా మగ్గుతుంది. ఆకు ఎక్కువగా ఉన్న గడ్డికి ఇది ఇంచుమించు సహజంగానే కుదురుతుంది. ముదిరిన కాడలే మిగిలినదానికి మాత్రం పచ్చి రొట్టనో, పశువుల పేడనో వరుసల మధ్య కలపాలి. ఆ పేడ కూడా మందు కొట్టిన గడ్డి తిన్న పశువులది కాకూడదు.

కుప్ప మధ్యలో ఒక ఇనుప ఊచ గుచ్చి ఉంచు. నాలుగైదు రోజులకు దాన్ని లాగి చివర పట్టుకుంటే చేయి ఆనించలేనంతగా కాలుతుంటే పని సవ్యంగా సాగుతోందన్నమాట. థర్మామీటరు ఉంటే 55 నుంచి 65 డిగ్రీల సెల్సియస్ మధ్య చూపాలి. ఆ వేడి మూడు రోజులు నిలిచాక, అంచుల్లోని గడ్డి నడిమికీ, నడిమిది అంచులకూ వచ్చేలా తిరగవేయి. అంచులు ఎప్పుడూ వేడెక్కవు, విత్తనాలు బతికేది అక్కడే. అంతా ఒకసారి నడిమికి వచ్చేలా నాలుగైదు సార్లు తిప్పాలి. బద్ధకించేవాళ్లు ఒకసారి తిప్పి ఊరుకుంటారు, తర్వాత కుప్ప పనిచేయలేదంటారు. లోపల బూడిద చల్లినట్టు తెల్లగా కనబడితే కంగారుపడకు, అది వేడిలో పెరిగే సూక్ష్మజీవుల పనే. కుళ్లు వాసన వస్తే మాత్రం తడి ఎక్కువై గాలి చాలలేదని గ్రహించి, కాస్త పొడి గడ్డి కలిపి మళ్లీ తిప్పు.

మల్చింగ్‌కు నల్లని మెత్తని ఎరువు అయ్యేదాకా ఆగనక్కర్లేదు. పోచ ముదురు గోధుమరంగుకు తిరిగి, మెలిపెడితే పుటుక్కున తెగితే చాలు; కాస్త ముతకగా ఉంటేనే నేల మీద ఎక్కువ రోజులు నిలుస్తుంది. కుప్ప సగానికో, అంతకంటే తక్కువకో కుంగిపోతుంది కనుక ఎన్ని మడులకు వస్తుందో ఆ లెక్కన చూసుకో. మడికి నిండుగా నీళ్లు పెట్టిన తర్వాత మూడు నాలుగు అంగుళాల మందాన పరచి, ప్రతి మొక్క మొదలు చుట్టూ నాలుగు వేళ్ల ఎడం వదులు, లేకపోతే కాండం కుళ్లుతుంది. మిగిలిన కుప్పను కప్పి ఉంచు. గాలికి కొట్టుకొచ్చిన కొత్త విత్తనాలు దాని మీదే మొలవవచ్చు.

కుండీల్లో చిక్కుడు ఎలా ఎదిగిందో మూడు వారాల తర్వాత నాకు రాయి. అప్పటిదాకా మిగతా కట్టలు విప్పవద్దు.