ముందు ఫోటోలు, తర్వాతే యాంటీవైరస్

చిన్నాకు,

అత్త ఆశీస్సులు. ఈ సెలవుల్లో మీ గాజువాక అపార్ట్‌మెంట్‌లోని పెద్దవాళ్ల కంప్యూటర్లన్నింటికీ ఉచిత యాంటీవైరస్ వేసిపెడతానని ఒప్పుకున్నావట. మీ అమ్మ చెబుతుంటే మురిసిపోయాను. ఫోను పెట్టేశాక మాత్రం గుండె దడదడలాడింది. అందుకే ఈ ఉత్తరం.

ఏది వేయాలన్నది నువ్వు అనుకుంటున్నంత పెద్ద ప్రశ్న కాదు. విండోస్ 10, 11 ఉన్నవాటిలో డిఫెండర్ అనే మైక్రోసాఫ్ట్ వాళ్ల యాంటీవైరస్ ముందే ఉంటుంది. పైసా అడగదు, గడువు తీరదు. చాలా ఇళ్లకు అది చాలు. అది పనిచేస్తోందా, అప్‌డేట్లు అందుతున్నాయా అని చూడు. విండోస్ 10కి మాత్రం మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబరు 14తో మామూలు మద్దతు, అంటే ఉచిత భద్రతా అప్‌డేట్లు, ఆపేసింది. 11కి మారే వీలున్న కంప్యూటరుకు ముందు ఆ పని చెయ్యి. గోడకు కన్నం ఉంచి తలుపుకు ఎన్ని తాళాలు వేస్తే ఏం లాభం?

వేరేది కావాలని ఎవరైనా పట్టుబడితే ఒక్కటే వెయ్యి. రెండు పెడితే ఒకదాని పనికి ఒకటి అడ్డుపడుతుంది. జర్మనీలోని ఏవీ-టెస్ట్, ఆస్ట్రియాలోని ఏవీ-కంపారటివ్స్ అనే సంస్థలు యాంటీవైరస్‌లను పరీక్షించి ఫలితాలు ప్రకటిస్తాయి, అవి చదువు. ‘ఉచితం’ అన్న మాట దగ్గర ఒక్క క్షణం ఆగు. 30 రోజులకే ఉచితమా, ఎప్పటికీనా? మాల్‌వేర్‌బైట్స్ ఉచిత రకం మనం అడిగినప్పుడే వెతుకుతుంది, రాత్రింబవళ్లు కాపలా కాయదు. అవాస్ట్ అనే ఇంకో యాంటీవైరస్ కంపెనీ సంగతి కూడా తెలుసుకో. వాడేవాళ్లు ఏయే వెబ్‌సైట్లు చూశారో ఆ వివరాలను జంప్‌షాట్ అనే తన అనుబంధ సంస్థ ద్వారా అమ్మిందని, 2024లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ దాన్ని 1.65 కోట్ల డాలర్లు కట్టమంది. కాబట్టి ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ముందే టిక్కు పెట్టి ఉన్న గడులన్నీ చదువు. చదవకుండా నొక్కుకుంటూ పోయే నీ తొందర నాకు తెలుసు. పదో తరగతి లెక్కల పరీక్షలో చివరి పేజీ తిప్పకుండానే పేపరు ఇచ్చి వచ్చినవాడివి.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానో నీకు తెలియదు. మీ నాన్నకు కూడా సగమే చెప్పాను.

2014 వేసవిలో మీ నాయనమ్మ పోయింది. పోయే ముందు సంక్రాంతికి ఆమె మంగళహారతి పాడుతుంటే నా ఫోనులో రికార్డు చేశాను. పదకొండు నిమిషాలు. మధ్యలో దగ్గు వచ్చి ఆగి, మంచినీళ్లు తాగి, మళ్లీ అదే చరణం ఎత్తుకుంటుంది. దాన్నీ, ఫోటోలన్నింటినీ కంప్యూటర్‌లోకి ఎక్కించి పాత ఫోను ఇచ్చేశాను. అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చింది. సీతమ్మధారలో మా వీధి చెట్లన్నీ నేలకొరిగాయి. రోజుల తరబడి చీకటి. కరెంటు, నెట్ వచ్చిన రాత్రి ఆమె గొంతు వినాలనిపించి కంప్యూటర్ తెరిచాను. బ్రౌజర్‌లో మెయిల్ చూస్తుండగా ఎర్రటి పెట్టె ఒకటి కీచుమంటూ లేచింది. వందల వైరస్‌లు ఉన్నాయనీ, వెంటనే శుభ్రం చేయకపోతే అన్నీ పోతాయనీ రాసి ఉంది. అన్నీ పోతాయన్న మాట చూడగానే నాకు పాట గుర్తొచ్చింది. కింద ఉచిత యాంటీవైరస్ అన్న బొత్తాం ఉంటే నొక్కాను. ఉన్న యాంటీవైరస్‌ను తీసేస్తేనే పనిచేస్తానంది. నా చేతులతో నేనే తీసేశాను.

పొద్దున్న చూస్తే ప్రతి ఫైలు పేరు చివరా ఏవో పిచ్చి అక్షరాలు. ఒక్కటీ తెరుచుకోలేదు. ప్రతి ఫోల్డర్‌లోనూ డబ్బు కట్టమని ఒక చీటీ. సీపీయూను ఒడిలో పెట్టుకుని ఆటోలో ద్వారకానగర్ తీసుకెళ్లాను. రిపేరు చేసే అబ్బాయి చాలాసేపు చూసి, కళ్లజోడు తీసి, ‘అమ్మా, ఇంకో కాపీ ఎక్కడైనా ఉందా?’ అన్నాడు. లేదు. నా దగ్గర డబ్బులు కూడా తీసుకోలేదు.

నువ్వు నాయనమ్మ ఒడిలో కూర్చుని పులిహోర తింటున్న ఫోటో ఒక్కటి, మీ నాన్నకు ఇచ్చిన సీడీలో ఉండబట్టి మిగిలింది.

అందుకే చెబుతున్నాను నాన్నా. ఎవరి కంప్యూటర్ ముందు కూర్చున్నా, ముందు వాళ్ల ఫోటోలు, కాగితాలు ఎక్కడున్నాయో అడిగి, వేరే హార్డ్ డిస్క్‌లోకి ఎక్కించు. పని అయ్యాక దాన్ని ఊడదీసి వాళ్ల బీరువాలోనే పెట్టించు. తగిలించి ఉంచితే అదీ పోతుంది. ఆ తర్వాతే మిగతా పని. ఏదైనా తయారుచేసినవాళ్ల సొంత వెబ్‌సైట్ నుంచే తీసుకో, వెతికినప్పుడు పైన కనిపించే ప్రకటన నుంచి కాదు. ఎర్ర పెట్టె లేస్తే దేన్నీ నొక్కకుండా బ్రౌజర్ మూసేయమనీ, మూసుకోకపోతే కంప్యూటరే ఆపేయమనీ చెప్పు. ఎవరి డబ్బైనా పోయిందంటే వెంటనే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోను చేయించు. వాళ్లను మందలించకు. భయపడిన మనిషికి ఆ క్షణంలో ఏదీ కనిపించదురా, నాకు కనిపించలేదు.

ఆదివారం రా. వంజరం పులుసు పెడతాను. ఆ సీడీ మీ నాన్న దగ్గర ఇంకా ఉందేమో అడిగి పట్టుకురా. దాన్ని పెట్టే కంప్యూటర్ ఇప్పుడు నా దగ్గర లేదు. నువ్వే రెండు చోట్లకు ఎక్కించి పెట్టాలి.

మీ అత్త