కుక్క కాళ్ళ బురద గుమ్మం దాటకుండా ఉండాలంటే

ప్రశ్న: మాది అంబాజీపేట దగ్గర ఒక పల్లె. పాత పెంకుటిల్లు తీసేసి డాబా కట్టుకున్నాము, హాలులోనూ గదుల్లోనూ తెల్లని టైల్స్ వేయించుకున్నాము. మా అబ్బాయి ముచ్చటపడి తెచ్చిన ల్యాబ్రడార్ ఇప్పుడు ఏపుగా పెరిగింది. వానలు మొదలైన దగ్గర నుంచి అది కొబ్బరితోటలోనూ కాలువ గట్టు మీదా తిరిగి, పొట్ట దాకా బురదతో నేరుగా హాలులోకి వచ్చేస్తోంది. వెంటనే తడిగుడ్డ పెట్టి తుడుస్తున్నాను, అయినా ఆరిన తరువాత నేల నిండా బూడిదరంగు చారలు మిగిలిపోతున్నాయి. మా అత్తగారు గడపకు పసుపు రాసి ముగ్గు పెడతారు. దాని మీద కుక్క అడుగు పడిందంటే ఆ పూట ఇంట్లో మాటలుండవు. పెరట్లో కట్టేయమని ఆవిడ అంటారు, కట్టేస్తే అది వీధంతా వినపడేలా అరుస్తుంది. దీనికి మార్గం చెప్పండి. (ఒక గృహిణి, కోనసీమ)

సమాధానం: చారలు మిగిలిపోవడానికి కారణం మీ ఓపిక లోపం కాదండి, మన మట్టి స్వభావం. గోదావరి ఏళ్ళ తరబడి తెచ్చి పరచిన ఒండ్రులో బంకమన్ను పాలు ఎక్కువ. బంకమన్ను రేణువు మిల్లీమీటరులో 500వ వంతు కన్నా చిన్నది. తడిగా ఉన్నప్పుడు దాన్ని తడిగుడ్డతో తుడిస్తే అది గుడ్డకు అంటుకొని రావడానికి బదులు నీటిలో కలిసి, పలుచని పొరగా నేలంతా పరచుకుంటుంది, టైల్స్ మధ్య సందుల్లోకి దిగుతుంది. నీరు ఆవిరైపోయాక మిగిలిన పొరే మీరు చూస్తున్న చార. అందుచేత మీరు ఎంత త్వరగా తుడిస్తే బురద అంత ఎక్కువ మేర పాకుతోంది.

అయితే ఇదే మట్టికి మనకు ఉపకరించే గుణం కూడా ఒకటి ఉన్నది. బంకమన్ను నీరు పీల్చుకున్నప్పుడు ఉబ్బుతుంది, ఆరినప్పుడు కుదించుకొని పగుళ్ళిస్తుంది. వేసవిలో దాళ్వా కోతలైన చేలు బీటలు వారడం మీరు చూసే ఉంటారు. కుక్క బొచ్చు మీద ఉన్న బురదకూ అదే జరుగుతుంది. ల్యాబ్రడార్ పైబొచ్చు బిరుసుగా, కొంచెం జిడ్డుగా ఉంటుంది కాబట్టి ఆరిన మట్టి దాన్ని పట్టుకొని ఉండలేదు. బిరుసు బ్రష్షుతో బొచ్చు వాలు వెంట నాలుగుసార్లు దువ్వితే పొడిగా రాలిపోతుంది. కనుక ఒంటి మీద బురదను ఆరనిచ్చి దులపాలి, కాళ్ళ బురదను మాత్రం ఆరనివ్వకుండా కడగాలి. కాళ్ళకు వేరే నియమం ఎందుకంటే, వేళ్ళ సందుల్లో చేరిన మన్ను వానాకాలపు గాలికి పూర్తిగా ఆరదు, అక్కడ చెమ్మ నిలిచిపోయి చర్మం ఒరుస్తుంది, ఆ దురదకు కుక్క అదే పనిగా నాకుతూ పుండు చేసుకుంటుంది.

ఇక స్థలం విషయం. ఈ పనులన్నీ జరగవలసింది పెరటి వైపున. కుక్క రాకపోకలు పూర్తిగా పెరటి గుమ్మం గుండా సాగేలా అలవాటు చేస్తే, వీధి గడప పసుపూ ముగ్గూ చెక్కుచెదరకుండా ఉంటాయి. మీ అత్తగారు కోరుతున్నది న్యాయమైన కోరిక, దానికి కుక్కను కట్టేయనవసరం లేదు. వీధి గేటు మూసి ఉంచి, తోటలో నుంచి కుళాయి మీదుగా వెనుక వసారాకు వచ్చే దారి ఒక్కటే తెరిచి ఉంచండి. తిండి గిన్నె, నీళ్ళ గిన్నె, పడక కూడా వెనుక వసారాలోనే ఉంటే అది తనంతట తానే ఆ దారికి అలవాటుపడుతుంది.

ఆ దారిలో కుళాయి దగ్గర ఒక కడప బండ వేయించి, నీరు తోట వైపు వాలేలా చూడండి. చాలా ఇళ్ళలో కుళాయి చుట్టూ ఉన్న రొచ్చే అసలు బురదగుంట. కుక్క కాళ్ళు అక్కడ కడిగి మళ్ళీ అదే రొచ్చులో నుంచి నడిపించి ఇంట్లోకి తెస్తుంటారు. పాత ఇంటి పెంకులు, ఇటుక ముక్కలు దొడ్లో ఇంకా పడి ఉంటే వాటిని నలగగొట్టి, దిమ్మిస కొట్టి, అంచులు గుచ్చుకోకుండా పైన జానెడు ఇసుక పోస్తే కుళాయి నుంచి వసారా మెట్టు దాకా గట్టి బాట తయారవుతుంది. కొబ్బరి డొక్కలు కూడా బోర్లించి పరవవచ్చు, నీరు బాగా పీలుస్తాయి. కాని వాటిని గుట్టగా పోయవద్దు, వానాకాలంలో ఆ గుట్టల్లో తేళ్ళూ పాములూ చేరతాయి.

మెట్టు మీద మొదట ముతక కొబ్బరి పీచు పట్టా, దాని తరువాత జనపనార గోనె సంచి, ఆ తరువాత పాత నూలు తువ్వాలు, ఈ వరుసలోనే ఉండాలి. పీచు మన్నును గీకుతుంది, గోనె నీటిని పీలుస్తుంది, మిగిలిన తడిని తువ్వాలుతో మీరు ఒత్తి తీస్తారు. ఇప్పుడు బియ్యానికీ ఎరువులకూ వస్తున్న ప్లాస్టిక్ సంచులు ఈ పనికి పనికిరావు, అవి చుక్క నీరు పీల్చవు సరికదా కుక్కనూ మనిషినీ కూడా జారుస్తాయి. పీచు పట్టాలు రెండు ఉంచుకొని మార్చుతూ ఉండండి, ఎందుకంటే ముసురు పట్టిన రోజుల్లో తడిసిన పట్టా ఎత్తకుండా వదిలేస్తే అడుగున బూజు పట్టి, అదే కొత్త కంపుకు మూలమవుతుంది.

కాళ్ళు కడిగే తీరు కూడా చెబుతాను. ధారగా కుళాయి నీరు వదిలితే కుక్క బెదిరి లాక్కుంటుంది. వెడల్పాటి బేసినులో నాలుగు వేళ్ళ లోతు నీరు పోసి, ఒక్కొక్క కాలినీ అందులో ముంచి, బొటనవేలితో పాదం అడుగు మెత్తల మధ్య నెమ్మదిగా రుద్దితే మన్ను విడిపోయి అడుగుకు దిగుతుంది. గోళ్ళ మొదట్లో పాత పళ్ళ బ్రష్షు వాడండి. సబ్బు అక్కరలేదు. తరువాత తువ్వాలును వేళ్ళ సందుల్లోకి చొప్పించి ఒత్తండి. నాలుగు కాళ్ళూ అయ్యేదాకా నిలబడినందుకు బెల్లం లేని చిన్న బిస్కెట్టు ముక్కో, ఉడికించిన గుడ్డు ముక్కో పెడితే, మరుసటి వారానికి అదే వచ్చి బేసిను దగ్గర నిలబడుతుంది. గుమ్మం దగ్గర నిలబెట్టడానికి ఇంటిల్లిపాదీ "ఆగు" అనే ఒకే మాట వాడాలి. ఒకరు ఆగమని, ఒకరు ఉండమని, అబ్బాయి ఇంగ్లీషులో మరొకటి అంటే, పాపం, దానికి ఏ మాటా తలకెక్కదు.

ఇంత చేసినా నేల మీద అడుగులు పడే రోజులుంటాయి. అప్పుడు వెంటనే తడిగుడ్డ జోలికి పోకుండా ఫ్యాను వేసి వదిలేయండి. మన్ను పూర్తిగా ఆరి తెల్లబడ్డాక మెత్తని చీపురుతో ఊడ్చి, పొడిగుడ్డతో ఒకసారి లాగి, ఆ పైన మాత్రమే తడిగుడ్డ పెట్టండి. ఒక బకెట్టులో గుడ్డ జాడించి, రెండవ బకెట్టులోని మంచినీటిలో ముంచి తుడవాలి, నీటికి రంగు దిగగానే పారబోయాలి. టైల్స్ సందుల్లో నల్లబడిన చోట వంటసోడాను నీటితో ముద్దగా కలిపి రాసి, కాసేపుంచి బ్రష్షుతో రుద్దండి. మరుగుదొడ్లు కడిగే యాసిడ్ మాత్రం పోయవద్దు, అది సందుల్లోని సిమెంటును తినేసి, తరువాత మన్ను ఇంకా లోతుకు దిగడానికి దారి చేస్తుంది. మీ టైల్స్ గురించి ఇప్పుడు అనుకొని లాభం లేదు గాని, డెల్టాలో కొత్తగా ఇల్లు కట్టబోతున్న పాఠకులెవరైనా ఉంటే, కనీసం వెనుక వసారాకైనా గరుకుగా ఉండే మట్టిరంగు నేల వేయించుకోమని నా సలహా.

ప్రశ్న: మేము భీమవరం దగ్గర చేపల చెరువుల మధ్య ఉంటాము. మా పామేరియన్ చెరువు గట్టు మీద తిరిగి వచ్చిందంటే ఇల్లంతా కుళ్ళిన కోడిగుడ్డు వాసన. రోజూ షాంపూతో స్నానం చేయిస్తున్నా వాసన పోవడం లేదు, పైగా ఒళ్ళంతా గోక్కుంటోంది. బొచ్చు మొత్తం గొరిగించేయమని ఒకరు చెప్పారు. గొరిగించమంటారా? (ఒక పాఠకుడు, పశ్చిమ గోదావరి జిల్లా)

సమాధానం: గొరిగించవద్దు. పామేరియన్‌కు రెండు పొరల బొచ్చు ఉంటుంది, చర్మం దాకా గొరిగితే కొన్నింటికి పైపొర మునుపటిలా తిరిగి రాదు. పొట్ట కిందా, కాళ్ళ వెనుకా, తోక మొదట్లోనూ వేలాడే కుచ్చులను, పాదం మెత్తల మధ్య పెరిగిన వెంట్రుకలను కత్తిరిస్తే చాలు. బురద పట్టి వేలాడేది అక్కడే.

పై సమాధానంలో ఒంటి బురదను ఆరనివ్వమని చెప్పాను. మీ విషయంలో అది వర్తించదు. తోటలోని మన్ను వేరు, చెరువు అడుగు నల్లమన్ను వేరు. చేపలు తినగా మిగిలిన మేత, పెంట, నాచు అడుగున చేరి, గాలి తగలని చోట కుళ్ళినప్పుడు హైడ్రోజన్ సల్ఫైడ్ పుడుతుంది. మీరన్న కోడిగుడ్డు వాసన దానిదే. ఆ మన్ను బొచ్చులో ఆరితే వాసన కూడా అందులోనే నిలిచిపోతుంది కాబట్టి, కుక్క రాగానే బయటే మామూలు నీటితో, మగ్గుతో మెడ నుంచి కిందికి పోస్తూ, నల్లనీరు రావడం ఆగేదాకా కడగాలి. షాంపూ అవసరం ప్రతిసారీ ఉండదు, వారానికో పది రోజులకో ఒకసారి, అదీ కుక్కల కోసం చేసినదే వాడండి. మన చర్మం కొంచెం ఆమ్లగుణం కలది, కుక్క చర్మం దాదాపు తటస్థంగా ఉంటుంది. మన షాంపూ రోజూ రుద్దితే దాని చర్మంలోని సహజమైన జిడ్డు పోయి పొడిబారుతుంది. ఆ గోకుడుకు కారణం అదే కావచ్చు. షాంపూ మానిన తరువాత కూడా గోకుడు తగ్గకపోతే పశువైద్యునికి చూపించాలి.

వాసన పోకపోవడానికి రెండవ కారణం సరిగా ఆరబెట్టకపోవడం. పైబొచ్చు పొడిగా తగులుతుంది, లోపొర మాత్రం గంటల తరబడి తడిగానే ఉంటుంది. చెవుల వెనుకా, తొడల లోపలా వేళ్ళు చొప్పించి చూడండి, చల్లగా తగిలితే ఇంకా తడి ఉన్నట్లే. పొడి తువ్వాళ్ళతో ఒత్తి, ఫ్యాను కింద కూర్చోబెట్టి, దువ్వెనతో పాయలు విడదీస్తూ ఆరబెట్టాలి. దాని పడక గుడ్డలు కూడా తరచు ఉతికి, ఎండ వచ్చిన పూట వదలకుండా ఎండలో వేయండి. సోఫా మీద వాసనకు వంటసోడా చల్లి, కుక్కను కొన్ని గంటలు దూరంగా ఉంచి, పూర్తిగా దులిపేయవచ్చు. కర్పూరం ఉండలు మూలల్లో పెట్టే అలవాటు మాత్రం మానండి, కుక్క వాటిని మింగితే ప్రమాదం.

ప్రశ్న: ఇంట్లో పాకే పసిబిడ్డ ఉన్నాడు, కుక్క కూడా ఉంది. అందుచేత నేలను రెండు పూటలా ఫినాయిలు గట్టిగా కలిపి తుడుస్తున్నాను, వసారాలో బ్లీచింగు పొడి చల్లుతున్నాను. ఇది సరిపోతుందా? మా ఊళ్ళో ఎలుక జ్వరం భయం కూడా ఉంది. (ఒక తల్లి, నరసాపురం)

సమాధానం: సరిపోవడం అటుంచి, ఎక్కువవుతోంది. ఫినాయిలు అంటిన నేల మీద నడిచిన కుక్క తన పాదాలు నాకుతుంది, మీ బాబు అదే నేల మీద చేతులు ఆనించి నోట్లో పెట్టుకుంటాడు. రోజువారీ తుడుపుకు మంచినీరు, కొద్దిగా సబ్బునీరు చాలు. ఫినాయిలు వాడినప్పుడు సీసా మీద రాసిన పాళ్ళకు మించకుండా కలిపి, నేల పూర్తిగా ఆరేదాకా ఇద్దరినీ అటు రానివ్వకండి. బ్లీచింగు పొడి వసారాలో వద్దు, మురుగు కాలువ వరకే ఉంచండి. దాన్ని యాసిడ్‌తో కలిపితే క్లోరిన్ వాయువు వెలువడి ఊపిరి ఆడకుండా చేస్తుంది. వానల తరువాత వీధి కాలువల వెంట సున్నమూ బ్లీచింగూ చల్లుతారు కదా, ఆ గీతలు తొక్కి వచ్చిన రోజున కుక్క కాళ్ళు తప్పకుండా కడగాలి, తడి పాదానికి అవి మంట పుట్టిస్తాయి. ఇదే కారణం చేత బురద మీద పొయ్యి బూడిద చల్లే అలవాటు కూడా మంచిది కాదు.

ఎలుక జ్వరం గురించి మీ భయం అర్థవంతమైనదే. లెప్టోస్పైరా అనే సూక్ష్మజీవి ఎలుకల మూత్రం ద్వారా నిలవనీటిలోనూ తడిమట్టిలోనూ చేరుతుంది, చర్మం మీది గాయాల గుండా మనుషులకూ కుక్కలకూ సోకుతుంది, సోకిన కుక్క మూత్రంలో కూడా అది బయటికి వస్తుంది. వరిచేలూ కాలువలూ ఎలుకలూ ఉన్న మన ప్రాంతంలో కుక్కకు ఏటా వేయించే టీకాల్లో లెప్టోస్పైరోసిస్ కూడా ఉన్నదో లేదో వైద్యుణ్ణి ప్రత్యేకంగా అడగండి. రేబిస్ టీకా ఎలాగూ తప్పనిసరి. జూన్‌లో కాలువలకు నీరు వదలక ముందే ఈ పని ముగించడం మేలు. చేతికి గాయం ఉన్నప్పుడు కుక్క కాళ్ళు మీరు కడగవద్దు, తప్పనిసరైతే రబ్బరు తొడుగులు వేసుకోండి. కుక్క ఒక్కసారిగా తిండి మానేసి, వాంతులు చేసుకుంటూ, కళ్ళు పచ్చబడినట్లు కనిపిస్తే ఆ రోజే ఆసుపత్రికి తీసుకువెళ్ళండి. వైద్యుడు చూసేదాకా దాని మూత్రం పడిన చోటికి బాబును వెళ్ళనివ్వకండి.